బండి తప్పుకు బతుకుతెరువు మీద శిక్షా?



ఈసారి కూలి ఒప్పందం గురించి కాక డ్రైవింగు లైసెన్సు గురించి రాస్తున్నాను. మిల్లు కార్మికుల పత్రికలో లైసెన్సు గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ మధ్య సంఘం ఆఫీసుకు ఒకరి తర్వాత ఒకరు ఇదే మాట మోసుకొస్తున్నారు. "అన్నా, లైసెన్సు మూడు నెలలు ఆపేశారు. డ్యూటీకి ఎట్లా పోయేది?" అని అడుగుతున్నారు. మొదట్లో మేమూ దీన్ని వాళ్ల సొంత విషయంగానే తీసుకున్నాం. అది పొరపాటు. ఆ పొరపాటులో నా వంతు ఎంతో ముందుగా చెప్పి, తర్వాత అసలు సంగతికి వస్తాను.

మన సభ్యుల్లో ఒక తమ్ముడు మిల్లు వ్యాను నడిపేవాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి షిఫ్టుకు మనుషుల్ని తెచ్చి దించడం అతని పని. ఏళ్ల తరబడి నడిపినా వ్యానుకు ఒక్క గీత పడలేదు. ఒక ఆదివారం ఇంటి సామాను కోసం సొంత మోటారు సైకిలు మీద, హెల్మెట్టు లేకుండా కావేరిపట్టణం బజారుకు పోయాడు. పోలీసులు ఆపారు, లైసెన్సు తీసుకున్నారు. కొన్నాళ్లకు ఇంటికి నోటీసు వచ్చింది. ఫలానా రోజు హాజరై నీ వాదన చెప్పుకో అని అందులో ఉంది. ఆ కాగితం పట్టుకొని నా దగ్గరికే వచ్చాడు. నేను చూసి, "తప్పు ఒప్పుకొని సంతకం పెట్టి వచ్చెయ్ తమ్ముడూ, దీనికి వాదనేముంది" అన్నాను. అతను అట్లాగే చేశాడు. మూడు నెలలు ఏ బండీ నడపకూడదని ఉత్తర్వు వచ్చింది. అంటే మోటారు సైకిలే కాదు, మిల్లు వ్యాను కూడా నడపకూడదు. మరునాడే యాజమాన్యం అతన్ని వ్యాను మీంచి దించింది. వేరే పని ఇవ్వలేదు. ఆ మూడు నెలలూ ఇల్లు అప్పు మీద నడిచింది.

నలభై రోజులు గడిచాక మళ్లీ వచ్చి, "ఏమైనా దారి ఉందా అన్నా" అని అడిగాడు. అప్పుడు గానీ నేను చట్టం పుస్తకం తెరవలేదు. దారి ఉండింది, కానీ అప్పీలు గడువు ముప్పై రోజులు. అది దాటిపోయింది. నోటీసు వచ్చిన రోజే నేను ఆ పుస్తకం చూసి ఉంటే అతని ఇంట్లో మూడు నెలల జీతం నిలిచేదేమో. ఇంకో సభ్యుడికి ఇలా జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు మన ప్రాంతం సంగతి చూడండి. కావేరిపట్టణానికి రైలు లేదు, కృష్ణగిరికీ లేదు. వేప్పనపల్లి వైపు నుంచి, బర్గూరు వైపు నుంచి, రాయకోట దారిలోని పల్లెల నుంచి మనవాళ్లు పనులకు వస్తారు. పగటి షిఫ్టుకు బస్సు దొరుకుతుంది. రాత్రి 12 గంటలకు దిగే రెండో షిఫ్టు వాళ్లకూ, అదే వేళకు ఎక్కే మూడో షిఫ్టు వాళ్లకూ పల్లె బస్సు ఎక్కడుంది? రెండు చక్రాల బండి ఉంటేనే ఉద్యోగం. ఒక బండి మీద ముగ్గురు రావడం తప్పే, ప్రమాదమే. అయినా ఆ ముగ్గురూ సరదాకు తిరిగేవాళ్లు కారు. వాళ్లలో ఇద్దరికి బండి లేదు, రెండు గంటలు నిలబడినా బస్సు రాదు. లైసెన్సు ఆగినవాడు నాలుగు రోజులు షిఫ్టు తప్పితే హాజరు బోనసు పోతుంది, పది రోజులు తప్పితే మెమో వస్తుంది. రోడ్డు మీద పడిన శిక్ష మిల్లు గేటు దాటి లోపలికి వస్తున్నదంటే ఇదే.

ఇప్పుడు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. ఆ సవరణ ప్రకారం హెల్మెట్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. బండి మీద వెనుక ఒకరికి మించి ఎక్కించుకున్నా అంతే. అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం వంటి తప్పులకు పోలీసు అధికారి లైసెన్సు తీసుకొని లైసెన్సు అధికారికి, అంటే ఆర్.టి.ఓ. ఆఫీసుకు పంపాలని 206వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చెబుతుంది. హెల్మెట్టు, ముగ్గురి సవారీ కూడా ఈ జాబితాలోనే ఉన్నాయి. గుర్తుంచుకోండి, పోలీసు లైసెన్సు తీసుకొని పంపగలడు గానీ సస్పెండు చేసేది లైసెన్సు అధికారి. అదీ మన మాట విన్న తర్వాతే.

ఆ అధికారి ఏం చేయవచ్చో 19వ సెక్షన్ (1ఎ)లో ఉంది. మనిషి వాదన చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలి. విన్నాక అతన్ని ఏ చర్యా లేకుండా విడిచిపెట్టవచ్చు. లేదా కారణాలు వివరంగా రాతలో పెట్టి, మొదటి తప్పయితే మూడు నెలలు అనర్హుడిగా ప్రకటించవచ్చు. రెండోసారి అయితే లైసెన్సు రద్దు. ఇక్కడే మనం పట్టుకోవలసిన మాట ఒకటుంది. లైసెన్సులో ఉన్న "అన్ని తరగతుల వాహనాలకు గానీ, వాటిలో ఏదైనా ఒక తరగతికి గానీ" అనర్హుణ్ణి చేయవచ్చని చట్టం అంటుంది. అంటే మోటారు సైకిలు మీద చేసిన తప్పుకు మోటారు సైకిలు వరకే లైసెన్సు ఆపి, వ్యాను నడిపే హక్కును అట్లాగే ఉంచే అధికారం ఆయనకు ఉంది. శిక్ష వేసేది కోర్టయినా 20వ సెక్షన్ కింద ఇదే వెసులుబాటు ఉంది. 23వ సెక్షన్ కూడా, ఉత్తర్వులో చెప్పిన మేరకే లైసెన్సు చెల్లకుండా పోతుందని అంటుంది.

మన తమ్ముడు ఆ రోజు అడగవలసింది ఈ ఒక్క మాటే. "అయ్యా, తప్పు నాదే. రెండు చక్రాల బండికి మూడు నెలలు ఆపండి. వ్యాను నా కూడు. దాని మీద నా మీద ఒక్క కేసూ లేదు. దాన్ని ఆపవద్దు." అడిగితే తప్పక ఇచ్చేవారని నేను అనడం లేదు, అది అధికారి విచక్షణ. కానీ అడగనివాడికి ఎవరూ ఇవ్వరు. అతను అడగలేదు. అడగవద్దన్నది నేనే.

అయితే ఈ వెసులుబాటు వ్యాను డ్రైవరుకు పనికొస్తుంది గానీ రింగ్ ఫ్రేము మీద పనిచేసే కార్మికుడికి పనికిరాదు. అతనికి ఉన్నదే రెండు చక్రాల బండి. దానికి లైసెన్సు ఆగితే ఇక మిగిలేదేమీ లేదు. అతనికి కావలసింది మరొక రకం అనుమతి. ఇంటి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఇంటికి, షిఫ్టు వేళల్లో మాత్రమే నడిపే అనుమతి. మన చట్టంలో అటువంటిది లేదు.

ఇది గొంతెమ్మ కోరిక అనుకోవద్దు. అమెరికాలో అనేక రాష్ట్రాల్లో ఇటువంటి పరిమిత అనుమతి ఉంది. నార్త్ కరోలినా రాష్ట్రాన్నే తీసుకోండి. అది మనలాంటి నూలు మిల్లుల రాష్ట్రం. 1929లో గాస్టోనియాలోని లోరే మిల్లు సమ్మె జరిగింది అక్కడే. ఆ రాష్ట్రంలో లైసెన్సు పోయినవాడు అర్హుడైతే కోర్టు అతనికి పరిమితంగా బండి నడిపే అనుమతి ఇవ్వవచ్చు. పనికి, చదువుకు, వైద్యానికి, ఇంటి అవసరాలకు మాత్రమే అది చెల్లుతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు మామూలు పనివేళలుగా లెక్కిస్తారు. రాత్రి షిఫ్టు ఉన్నవాడు ఆ సంగతికి యజమాని నుంచి రుజువు తెచ్చి చూపిస్తే ఆ వేళలను కూడా ఉత్తర్వులో రాస్తారు. ఆ హద్దు దాటి నడిపితే శిక్ష ఉంటుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో కూడా పని కోసం పరిమిత లైసెన్సు కోర్టు ఇస్తుంది. కార్లు ఇంటింటికీ ఉన్న దేశాలే, పని పోగొట్టడం శిక్షలో భాగం కాకూడదని అనుకున్నాయి. బస్సు లేని మన పల్లెల్లో ఆ అవసరం ఇంకా ఎక్కువ కదా!

దీనికి ఎదురు ప్రశ్న ఒకటి వస్తుందని నాకు తెలుసు. "రోడ్డు మీద జనం చస్తుంటే సంఘం తప్పు చేసినవాళ్లను వెనకేసుకొస్తుందా?" అని. సరైన ప్రశ్నే. 2022 ఒక్క సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీద పోతున్నవాళ్లే. అంటే మనలాంటివాళ్లే. బెంగుళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి, కావేరిపట్టణం మీదుగా సేలం పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మన ఊళ్ల మధ్య నుంచే పోతున్నది. షిఫ్టు దిగి ఆ రోడ్డు దాటుతూ ఇంటికి చేరనివాళ్ల పేర్లు మనకు తెలియనివి కావు. ఈ లైసెన్సు సస్పెన్షను ఇంత గట్టిపడటానికి మూలం కూడా మన పక్క ఊరి మనిషే. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ సుప్రీంకోర్టులో వేసిన కేసులోనే 2014లో కోర్టు జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీని వేసింది. అతివేగం, ఎర్ర దీపం దాటడం, తాగి నడపడం, నడుపుతూ సెల్‌ఫోనులో మాట్లాడటం వంటి తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు ఆపాలని ఆ కమిటీ 2015 ఆగస్టులో రాష్ట్రాలకు చెప్పింది. విరిగిన ఎముకలు రోజూ చూసే డాక్టరు కోర్టుకెక్కాడు. ఆయనను తప్పు పట్టడానికి మనకు నోరు రాకూడదు.

కాబట్టి సంఘం మాట స్పష్టంగా చెబుతున్నాను. లైసెన్సు ఆపవద్దని మేము అనడం లేదు. తాగి బండి నడిపినవాడి తరఫున ఈ సంఘం కాగితం రాయదు, ఎవరి సిఫారసు తెచ్చినా రాయదు. వందమందిని ఎక్కించుకొచ్చే వ్యాను డ్రైవరు వ్యానునే అడ్డదిడ్డంగా నడిపితే దించవలసిందే. మేము అడిగేది, తప్పు ఏ బండి మీద జరిగిందో శిక్ష ఆ బండికి ఉండాలని. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించవచ్చు గానీ, ఇంట్లో అన్నం పెట్టవద్దని చీటీ రాసి పంపకూడదు. మూడు నెలల జీతం పోతే దెబ్బ తినేది హెల్మెట్టు పెట్టుకోని మనిషి ఒక్కడే కాదు. ఇంట్లో ఆడమనిషి, బడిపిల్లలు, మంచంలో ఉన్న తల్లీ తండ్రీ కూడా. పైగా వెయ్యి రూపాయల జరిమానా కట్టినా లెక్కలోకి రాని ఉన్నవాడికీ, కారు డ్రైవరును పెట్టుకోగలవాడికీ మూడు నెలలు ఒక లెక్కే కాదు. ఒకే శిక్ష ఒకరికి దోమకాటు, ఇంకొకరికి పాముకాటు అయితే దాన్ని సమానం అనలేం.

ఇక సభ్యులు చేయవలసిన పనులు. చించి జేబులో పెట్టుకున్నా సరే, ఈ భాగం మాత్రం మరచిపోవద్దు.

ఒకటి. పోలీసు లైసెన్సు తీసుకున్నప్పుడు రసీదు అడిగి తీసుకోండి. అందులో ఏ సెక్షన్ రాశారో చూడండి. 206(2) కింద తీసుకున్నట్టయితే ఆ రసీదు మీదనే, అందులో వేసిన తేదీ వరకు బండి నడపవచ్చు. 206(4) కింద అయితే లైసెన్సు తిరిగి వచ్చేదాకా ఆ రసీదుతో నడపకూడదు. రెండూ ఒకేలా కనిపించే కాగితాలే గానీ తేడా చాలా ఉంది.

రెండు. ఆర్.టి.ఓ. ఆఫీసు నుంచి నోటీసు వస్తే ఆ రోజే సంఘం ఆఫీసుకు తీసుకురండి. హాజరు కాకుండా ఉండవద్దు, నేను చెప్పినట్టు ఉట్టి సంతకం పెట్టి రావద్దు. మిల్లు గుర్తింపు కార్డు, షిఫ్టు పట్టిక, యాజమాన్యం ఇచ్చే ఉత్తరం, అంతకుముందు కేసులు లేవన్న మాట, అన్నీ ఒక అర్జీగా రాసి ఇచ్చి దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. శిక్షను ఒక్క తరగతికే పరిమితం చేయమని అందులో స్పష్టంగా అడగండి. లైసెన్సు తీసుకున్న నాటి నుంచి విచారణ దాకా బండి లేకుండా గడిపిన రోజులను కూడా మూడు నెలల్లో కలపమని అడగండి. అడగడంలో తప్పు లేదు.

మూడు. ప్రమాదం జరిగి కేసు నమోదైనంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. దిండుక్కల్ లైసెన్సు అధికారి ఉత్తర్వు మీద వచ్చిన ఒక కేసులో మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచి ఈ సంగతే చెప్పింది. ఆ తర్వాత ఎందరో ప్రభుత్వ బస్సు డ్రైవర్లు ఆ తీర్పును చూపించి లైసెన్సులు తిరిగి తెచ్చుకున్నారు. అటువంటి నోటీసు వస్తే వకీలును కలవకుండా ఏదీ ఒప్పుకోవద్దు.

నాలుగు. ఉత్తర్వు అందిన తేదీని దాని మీదనే రాసి పెట్టుకోండి. అప్పీలుకు ఆ రోజు నుంచి ముప్పై రోజులే గడువు. ఎవరికి అప్పీలు చేసుకోవాలో ఆ ఆఫీసులోనే రాతపూర్వకంగా అడగండి. బ్రోకర్ల చేతిలో డబ్బు పెట్టవద్దు.

ఐదు. గడువు ముగిసినా లైసెన్సు దానంతట అది ఇంటికి రాదు. గుర్తింపు పొందిన డ్రైవింగు స్కూలులో రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచేస్తేనే తిరిగి ఇస్తారు. ఖర్చు మనదే. ఆఖరి వారం దాకా ఆగకుండా ముందే పూర్తిచేసుకోండి.

ఆరు. లైసెన్సు ఆగి ఉండగా "రాత్రిపూట ఎవరు చూస్తారు" అని బండి తీయవద్దు. దొరికితే మూడు నెలల దాకా జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ. ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్సు కంపెనీ బాధితుడికి కట్టి, ఆ సొమ్మును బండి సొంతదారు మీద వసూలుకు రావచ్చు. జీవితమంతా మిల్లులో పనిచేసినా తీరని అప్పు అది. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్నాం కదా, కుప్పం పోయి గానీ అత్తిబెలె పోయి గానీ ఇంకో లైసెన్సు తెచ్చుకుందామనే ఆలోచన కూడా వద్దు. అనర్హత దేశమంతటికీ వర్తిస్తుంది, అట్లా తెచ్చుకున్న లైసెన్సు చెల్లదు.

యాజమాన్యాలతో మనం మాట్లాడవలసినవి రెండున్నాయి. లైసెన్సు ఆగిన డ్రైవరుకు ఆ మూడు నెలలు మిల్లు లోపల వేరే పని ఇవ్వాలి. గోడౌనులో, యార్డులో, ప్యాకింగులో పనికి మనుషులు కావాలని రోజూ అంటూనే ఉన్నారు. రెండోది, అర్ధరాత్రి షిఫ్టు మారే వేళకు మిల్లు బండి పల్లెల దాకా పోవాలి. మూడో షిఫ్టు నడిపి లాభం తీసుకుంటున్నప్పుడు, ఆ షిఫ్టుకు మనిషి ఎట్లా వస్తాడన్నది కూడా వాళ్ల బాధ్యతే. ఒక బండి మీద ముగ్గురు రావడం ఆగాలంటే అదే అసలు మందు. వచ్చే ఒప్పందం కోరికల పట్టికలో ఈ రెండూ చేర్చాలని కార్యవర్గంలో ప్రతిపాదిస్తున్నాను.

ప్రభుత్వాన్ని అడగవలసింది, పని కోసం పరిమిత అనుమతి. మొదటి తప్పు అయి ఉండాలి, తాగి నడిపిన కేసు కాకూడదు, ఎవరికీ దెబ్బ తగిలి ఉండకూడదు. షిఫ్టు వేళలు, దారి రాసిన కాగితం ఉండాలి, తల మీద హెల్మెట్టు ఉండాలి. హద్దు దాటితే ఆ అనుమతి కూడా పోవాలి. ఇంత కట్టుదిట్టంగా అడిగే కోరికను కాదనడానికి ఏ మంత్రికైనా కారణం దొరకదనుకుంటాను. పార్లమెంటు సభ్యుడికి పంపే మహజరు సంఘం ఆఫీసులో ఉంటుంది. తమిళంలో, తెలుగులో రెండు ప్రతులు రాయిస్తాం. షిఫ్టు దిగినాక వచ్చి సంతకాలు చేయండి.

చివరగా ఒక మాట. హెల్మెట్టు పెట్టుకుంటే ఈ వ్యాసంతో మీకు పనే ఉండదు. నాకు అంతకన్నా కావలసింది లేదు. ఆ వ్యాను తమ్ముడు ఇప్పుడు మళ్లీ బండి ఎక్కాడు. అప్పు మాత్రం ఇంకా తీరలేదు. మొన్న గేటు దగ్గర కనిపించి, "అన్నా, ఆ ముప్పై రోజుల సంగతి పత్రికలో రాయండి, ఇంకొకడు మునిగిపోకుండా" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. అతను చెప్పినట్టే రాశాను.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

మీ
సంఘ కార్యదర్శి